షహనా చేసిన మూత

"మూత పోయింది. విజయవాడ బస్సులో వెళ్తోంది. పోలీసులు వద్దు, వాళ్ళలోనూ ముఠా మనుషులున్నారు." తలపాగాలో దాచిన ఇయర్‌ఫోన్‌లో చీఫ్ దత్తాత్రేయులు గొంతు ఆగిపోయింది.

2008, మే నెల. ఏజెంట్ పర్వేజ్ తిరువూరు బస్టాండులో తలపాగా చుట్టి, నీళ్ళ ప్యాకెట్లు అమ్మేవాడి వేషంలో ఉన్నాడు. పక్కనే ప్లాస్టిక్ డిజైనర్ షహనా నిలబడి ఉంది. పచ్చడి జాడీకి ఆమె చేసిన మూత లోపల వెండి ఇంకుతో ముద్రించిన సర్క్యూట్ ఉంది. చెమ్మ తగిలితే తెల్లటి మూత ఎర్రబడుతుంది. ఉన్నది ఒకటే శాంపిల్. విదేశీ ముఠా ముందుగా తమ పేరున పేటెంట్ పెట్టేస్తే, షహనా తన మూత తనే చేసుకోవడానికి వీలుండదు.

"కొంటామన్నారు. అమ్మనన్నాను," అంది షహనా. "ఇప్పుడు దొంగతనానికి దిగారు. నా పేరు లేకుండా అది ఏ వంటింట్లోకీ పోదు సార్."

"తీసిందెవరు?"

"శర్వాణి. నాకు కాపలా అని మీరే పంపారుగా. నల్ల కళ్ళద్దాలు, ఫారిన్ సెంటు."

"రెండు పక్కలా జీతం తీసుకుంటోందన్నమాట."

బస్సు ఇంజను స్టార్టయింది. లోపల ఎండకి కొంగులు కప్పుకున్న ఇరవై మంది ఆడవాళ్ళు, ఒళ్ళో గుడ్డ కట్టిన ఆవకాయ జాడీలు. వీళ్ళలో శర్వాణి ఎవరు? వేషాలు మార్చడం ఆమెకు నేర్పింది పర్వేజే.

ఒక్కో జాడీ విప్పే టైము లేదు. పర్వేజ్ బస్సెక్కి, ప్యాకెట్ మూల కొరికి, బస్సంతా నీళ్ళు చిమ్మాడు.

"నీ చేతులు పడిపోను, తడి తగిలితే బూజు పట్టిపోద్దిరా," అంది వినగడప ఊరి ముసలావిడ వెంకాయమ్మ, జాడీని కడుపుకి హత్తుకుని. అందరూ కొంగులు జాడీల మీద కప్పేశారు.

నాలుగో సీటావిడ మాత్రం కొంగుతో మొహం అద్దుకుంది.

పర్వేజ్ ఆమె జాడీ గుడ్డ లాగాడు. లోపల ఆవకాయ లేదు. బోర్లించిన మూత ఉంది. గుడ్డలోంచి కారిన నీటికి దాని అంచు ఎర్రబడుతోంది.

"ఎలా పట్టావ్?" అంది శర్వాణి.

"వాళ్ళు జాడీ కాపాడుకున్నారు. నువ్వు మొహం మీది పౌడరు కాపాడుకున్నావ్."

శర్వాణిని అతను కిందికి దించాడు. ఖాళీ అయిన సీట్లో షహనా మూత పట్టుకుని కూర్చుంది. "పేటెంట్ ఆఫీసుకి నేనే తీసుకెళ్తా. ఎవడొస్తాడో రమ్మనండి."

వెనక నుంచి వెంకాయమ్మ వంగింది. "ఇదిగో పిల్లా, నా జాడీకి తడి తగిలిందేమో, ఆ మూత ఓసారి పెట్టి చూడనీ."

"పేటెంట్ కాగితం చేతికొచ్చేదాకా మీకైనా ఇవ్వను మామ్మగారూ," అంది షహనా.