పక్క సీటులో నలభై ఒక్క కిలోలు

మా బావమరిది ఏది వద్దంటే అది చెయ్యడం పెళ్ళయిన నాటి నుంచీ నాకు అలవాటు. అతను పాత కార్లు అమ్మే ఒక గ్యారేజీలో మెకానిక్. అక్కడ అమ్మకానికి పెట్టిన కారొకటి నాకు నచ్చితే, "ఇది మాత్రం వద్దు బావా," అన్నాడు. మర్నాడే కొనేశాను.

కారు బాగానే నడిచేది. డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ ఎర్ర లైటు ఒక్కటే ఆరేది కాదు. అది వెలుగుతున్నంతకాలం పిల్లని అందులో ఎక్కించేది లేదని నా భార్య మొండికేసింది. మా అమ్మాయికి ఏడేళ్ళు. మరో రెండు రోజుల్లో బడి తెరుస్తారు. బస్సెక్కితే దానికి వాంతులు. ఎలాగైనా ఆ లైటు ఆర్పాలి. అలాగని బావమరిది ముందు చెయ్యి చాపడానికి నాకు మనసొప్పలేదు. కారులో లోపాలు చదివి, చెరిపేసే స్కానర్ నేనే కొనుక్కుందామని దుకాణానికి వెళ్ళాను.

అక్కడ రెండు రకాలు చూపించారు. ఫోనుకి కలుపుకునే చిన్నది ఇంజన్ వరకే చదువుతుంది. సొంత తెర ఉన్న పెద్దది ఎయిర్‌బ్యాగులు, బ్రేకులు, సీట్లు అన్నీ చదువుతుంది. నేను ఇంకా తేల్చుకోకముందే బావమరిది ఫోన్ చేశాడు. వాళ్ళక్క చెప్పేసి ఉంటుంది.

"చిన్నది తీసుకో బావా. ఇంటి పనికి అది చాలు."

"మరి ఎయిర్‌బ్యాగ్ లైటు?"

"దాని జోలికి పోకు."

"ఎందుకని?"

"పోకు. అంతే."

నాకు ఒళ్ళు మండింది. పెద్దదే తెచ్చాను.

ఆదివారం మధ్యాహ్నం. బయట కుండపోత. జల్లు కొడుతోందని కారు షెడ్డు షట్టర్ దించేశాను. పట్టపగలే లోపల చీకటి పడింది. పాత ఆయిలూ రబ్బరూ కలిసిన వాసన. రేకుల మీద వాన చప్పుడు. డ్రైవర్ సీట్లో కూర్చుని, స్టీరింగ్ కింద స్కానర్ వైరు తగిలించి, తాళం తిప్పాను.

ఇంజన్‌లో లోపాలేవీ లేవు. ఎయిర్‌బ్యాగ్‌లో ఒక్కటే ఉంది, పక్క సీట్లో బరువు చూసే సెన్సార్. సరే, అది ఏం చూస్తోందో చూద్దామని సీట్ల పేజీ తెరిచాను.

డ్రైవర్ సీటు, 72 కిలోలు. అది నేను.

పక్క సీటు, 41 కిలోలు.

నవ్వొచ్చింది. సీటు మీద ఏమీ లేదు. కవరు ఎత్తి చూశాను, కింద చెయ్యి పెట్టి వెతికాను. అరచేత్తో సీటుని నొక్కితే అంకె 46 అయింది. చెయ్యి తీస్తే మళ్ళీ 41. సీటు మధ్యలో మాత్రం మెత్త కొంచెం కిందికి దిగి ఉంది. చెయ్యి తీసినా పైకి లేవలేదు.

అప్పుడు తెలిసింది వాసన. ఆయిల్ వాసన కాదు. తడిసిన ఉన్ని ముక్కిపోతే వచ్చే వాసన... సరిగ్గా నా పక్కనుంచి.

ఫోన్ మోగితే ఉలిక్కిపడ్డాను. బావమరిదే.

"చెరిపావా?" గొంతు తగ్గించి అడిగాడు.

"ఇంకా లేదు."

"చెరపకు బావా. నీకు దణ్ణం పెడతాను. మా పెద్ద మేస్త్రీ ఒకసారి చెరిపాడు. లైటు ఆరింది. ఆ రోజే ఆయన మంచం పట్టాడు. గుండెల మీద ఎవరో కూర్చున్నారనేవాడు. రెండు నెలలకి పోయాడు. ఆయన పోయిన సాయంత్రం... ఆ లైటు మళ్ళీ వెలిగింది."

"ఈ మాట ముందే చెప్పి ఏడవచ్చుగా?"

"చెబితే వినేవాడివా? అది ఆ సీట్లో ఉన్నంతకాలం ఎవరికీ ఏమీ కాదు. ఇంట్లో చిన్నపిల్ల ఉంది బావా..."

భయం వేసింది. అంతకంటే ఎక్కువగా కోపం వచ్చింది. నా కారు గురించి, నా కూతురి గురించి వీడా నాకు చెప్పేది? ఫోన్ పెట్టేసి, చెరిపే బటన్ నొక్కాను.

ఎర్ర లైటు ఆరిపోయింది.

పక్క సీటు మెత్త మెల్లగా పైకి లేచింది. తెర మీద అంకె సున్నా అయింది. హమ్మయ్య అనుకున్నాను. ఆ తర్వాతే పై వరస చూశాను.

డ్రైవర్ సీటు, 113 కిలోలు.

నా తొడలు చల్లబడ్డాయి. ఊపిరి అందలేదు. తలుపు తోసుకుని బయట పడ్డాను. షట్టర్ ఎత్తడానికి మూడుసార్లు ప్రయత్నించాల్సొచ్చింది. ఇంట్లోకి ఇరవై అడుగులూ కాళ్ళీడ్చుకుంటూ నడిచాను. నేరుగా పడగ్గదిలోకి వెళ్ళి బరువు చూసే మిషన్ ఎక్కాను.

113.

"నాన్నా!"

అమ్మాయి హాల్లోంచి పరిగెత్తుకొస్తోంది.

"రాకు! దగ్గరికి రాకు!" అని అరిచాను. అది ఆగలేదు. వచ్చి నా నడుం చుట్టేసింది.

భుజాలు తేలికయ్యాయి. ఊపిరి ఆడింది. కిందికి చూశాను... 72.

నా అరుపు విని భార్య గదిలోకి వచ్చింది. పిల్ల నన్ను వదిలేసి గది మధ్యలో నిలబడింది. ఏడవడం లేదు, కదలడం లేదు.

"పిల్ల మీద ఆ అరుపులేంటండీ?" అంటూ వంగి, దాని చంకల కింద చేతులు వేసి ఎత్తబోయింది. పాదాలు నేల మీంచి లేవలేదు. మళ్ళీ ఎత్తింది. మెడ నరాలు ఉబ్బాయి.

"ఏంటండీ ఇది... లేవట్లేదు. మీరొక చెయ్యి వెయ్యండి."

దాన్ని సీట్లోంచి లేపింది నేనే; నా భార్య ముట్టుకున్నా కదలనిది, నేను ముట్టుకుంటే తిరిగి నా మీదికి వచ్చేస్తుందని నాకు తెలుసు. నా కూతురు నాకు ప్రాణం. ఆ మాట ఇప్పటికీ అంటాను. కానీ ఆ నిమిషంలో నేను ఒక అడుగు వెనక్కే వేశాను.

అమ్మాయి తలెత్తి నన్నే చూసింది. దాని పాదాల కింద నేల పలక పుటుక్కున చిట్లింది. నలభై ఒక్క కిలోలకి పలక చిట్లదు.