కంభం చెరువు అడుగున గొలుసు

1957 వేసవి. కంభం చెరువు.

ఊపిరి అయిపోతోంది.

పుష్పమ్మ వదలదు. మునిగిన పాత పడవలోకి ఇంకా దూరుతుంది. బురదలో వేళ్ళు తడుముతాయి. చెక్క... రాయి... చెక్క...

ఇనుము!

గొలుసు. దానికో తాళం. తాళం బిగించిన చోట... కాలి ఎముక.

అమ్మ అబద్ధం చెప్పలేదు.

ముప్పయ్యేళ్ళ కిందట ఇక్కడే ఈ పడవ మునిగింది. అందులో ఉన్నది ఊరి ఆసామి లక్ష్మీనరసయ్య ఒక్కడే. కాపాడాలని దూకింది ఒక్కతే... పుష్పమ్మ తల్లి ఓబులమ్మ. లోపల అతని కాలు తడిమింది. పైకి తేలి రొప్పుతూ చెప్పింది.

"ఆయన కాలికి గొలుసుంది. ఎవరో పడవకు కట్టేసినారు."

గట్టు మీద అతని తమ్ముడు రామసుబ్బయ్య గొంతు లేచింది. "అంతసేపు నీళ్ళల్లో మనిషి బతుకుతదా? ఇది మంత్రగత్తె. మా అన్నను ఇదే ముంచింది."

ఊరు నమ్మింది. ఓబులమ్మకు తల గొరిగించి తరిమేసింది. అన్న పొలాలన్నీ తమ్ముడికి దక్కాయి.

ఈ యేడు వానల్లేవు. చెరువు తగ్గింది. పడవ చేతికందింది.

పుష్పమ్మ కాళ్ళు తన్నిపెట్టి గుంజుతుంది. తుప్పు పట్టిన గొలుసు తెగుతుంది. మెడలో వేసుకుని పైకి తేలుతుంది.

ఎదురుగా ఇంకో పడవ!

తెడ్డు వేస్తున్నది పాలేరు పెద్దన్న. ముందు నిలబడ్డ ముసలాయన చేతిలో తుపాకి. రామసుబ్బయ్య.

"మెడలో ఏంది పిల్లా?"

"మీ అన్న కాలి గొలుసు."

"నీళ్ళల్లో పారెయ్. పారేసి ఊరొదిలి పో."

"మా అమ్మ పోయింది. నేను పోను."

తుపాకి లేస్తుంది.

పుష్పమ్మ మునుగుతుంది. పడవ కిందికి చేరి రెండు కాళ్ళతో తంతుంది. పడవ ఒరుగుతుంది. ముసలాయన కాలు జారుతుంది...

ఢాం!

తూటా అతని పడవనే చీల్చింది. నీళ్ళు ఎగదన్నాయి. పెద్దన్న దూకి ఈదుకుంటూ పోయాడు, వెనక్కి చూడనేలేదు. రామసుబ్బయ్యకు ఈత రాదు.

"పట్టుకో తల్లీ... సచ్చిపోతా..."

పుష్పమ్మ చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉంది. చాపలేదు. గట్టు మీద గొర్రెల కాపరులు గుమిగూడారు.

"గొలుసు ఎవరు కట్టినారు? వాళ్ళకు వినపడాల."

అతను మునిగాడు. తేలాడు. నీళ్ళు కక్కాడు.

"నేనే... నేనే కట్టినాను... పొలాల కోసం..."

అప్పుడు జుట్టు పట్టుకుంది. గట్టుదాకా ఈడ్చింది.

కాపరి మాలకొండయ్య ఆమెకు తన కంబళి కప్పాడు. "వదిలేసుంటే పీడ పోయేది గదమ్మా?"

"పోతే మళ్ళీ మంత్రగత్తె ముంచిందంటారు మామా. ఈయనే కోర్టులో నిలబడి ఇదే మాట చెప్పాల."

రామసుబ్బయ్య దగ్గుతూనే నవ్వాడు. "నీ మాట ఎవరు నమ్ముతారే?"

"నా మాట కాదు. నీ మాట. అందరం విన్నాం."

కాపరులు చుట్టూ చేరి కర్రలు అడ్డం పెట్టారు. దారి ఒకటే మిగిలింది... పోలీస్ స్టేషన్ వైపు.

"లే, పెద్దాయనా," అంది పుష్పమ్మ. "నడువు."