ఫ్రీజర్‌లో ఇనప గుడ్లు

వేడికి ఇనుము సాగుతుంది, చలికి కుదించుకుపోతుంది. మనిషే రెండింటికీ కుదించుకుపోతాడేమో అనుకున్నాడు ఆయన, ఫ్రిజ్ ముందు నిలబడి. ఎడమచేత్తో ఫ్రీజర్ తలుపు తీశాడు. కుడిచేయి ప్యాంటు జేబులో ఉంది. ఈ మధ్య అది అక్కడే ఉంటోంది. బఠానీల సంచి వెనక, జీపు చక్రానికి వేసే కొత్త బాల్ జాయింట్లు మంచు పట్టి తెల్లగా కనిపించాయి.

"ఏవండీ, తలుపేస్తారా, మీరు కూడా లోపలికెళ్ళి కూర్చుంటారా?" పొయ్యి దగ్గర్నుంచి భార్య అంది. "నా బఠానీలకి చోటు లేదు గానీ మీ ఇనప గుడ్లకి మాత్రం రాజభోగం. అయినా గుడ్లు పొదగాలంటే వెచ్చగా ఉంచాలి. ఇలా గడ్డకట్టిస్తే పిల్లలు ఎప్పుడు బయటికొస్తాయి?"

ఆయన నవ్వలేదు. కొత్త జాయింట్లను ఒక రాత్రంతా ఫ్రీజర్‌లో పెడితే వెంట్రుకవాసి సన్నబడతాయి, మర్నాడు సుత్తి దెబ్బల అవసరం లేకుండా తమ చోట్లో కూర్చుంటాయి. ఇది ఆయన పద్ధతి. ఫ్రీజర్‌లో ఇనుము కనబడిందంటే మర్నాడు షెడ్డులో పని ఉన్నట్టే అని ఇంట్లో అందరికీ తెలుసు. ఈసారి ఆ మర్నాడే రావడం లేదు. జీపు ముందు చక్రం ఊడదీశాడు, అరిగిపోయిన పాత జాయింట్లను బయటికి నొక్కేశాడు. పాతవి తీయడం సులువే, చేయి తప్పినా పోయేదేం లేదు. కొత్తవి ఎక్కించడం అలా కాదు. చక్రం తిరిగేదీ, బండి బరువు పడేదీ వాటి మీదే.

"ఇంకా చల్లబడలేదా నాన్నా?" కూతురు వంటగదిలోకి వచ్చింది.

"ఇంకొంచెం చల్లబడాలి పిడుగూ."

"చల్లబడ్డం కాదు, ఈపాటికి చలికి చచ్చుంటాయి. సోమవారం నేను పశువుల ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరాలి. గేదెల కాళ్ళు బాగుచేయడానికి పోతుంటే నా బండే కుంటిదై కూర్చుంది. కొండమీద ఊళ్ళకి ఆ జీపు తప్ప ఇంకేదీ ఎక్కదు. మెకానిక్‌ని పిలుస్తాను."

"నేనుండగా దాని మీద ఇంకొకడు చేయి వేస్తాడా?"

"నువ్వు వెయ్యవు, వేరేవాళ్ళని వెయ్యనివ్వవు. నేను వెళ్ళడం నీకిష్టం లేదు కదూ? ఆ మాటేదో మొహం మీద చెప్పు. చక్రం ఊడదీసి నన్ను కట్టేస్తావేంటి?"

అవును అనేస్తే సరిపోతుందనిపించింది ఆయనకి. మొండి తండ్రి మీద ఎలా కోప్పడాలో పిల్లలకి తెలుసు. చేయి వణికే తండ్రిని ఏం చేసుకోవాలో ఎవరికి తెలుసు? పైగా అది పూర్తి అబద్ధం కూడా కాదు. పాతవి తీసిన రోజు కొత్త జాయింటు అందుకోబోతే చేయి వణికినప్పుడు, భయంతోపాటు లోపలెక్కడో సన్నగా సంతోషం కూడా కలిగింది. బండి కదలదు, పిల్ల కదలదు. వణుకు కంటే ఆ సంతోషానికే ఆయన ఎక్కువ సిగ్గుపడ్డాడు.

"అవును, ఇష్టం లేదు," అన్నాడు.

కూతురి మొహం పాలిపోయింది. భార్య పొయ్యి కట్టేసింది.

"చాలు. ఆ ముక్క విందామనే అడిగాను," అని కూతురు వెనక్కి తిరిగింది.

ఆ వీపు చూడగానే ఆయనకి మనసు నిలవలేదు. "ఆగు, ఇదిగో, ఇప్పుడే ఎక్కిస్తా!" అంటూ ఫ్రీజర్‌లోకి చేయి పెట్టాడు. తొందరలో కుడిచేయి పెట్టాడు. జాయింటు వేళ్ళలో గిలగిల్లాడి, ఠంగుమని నేల మీద పడి కూతురి కాళ్ళ దగ్గరికి దొర్లింది.

"మంచుకి జారింది," అంది భార్య గబుక్కున.

కూతురు వంగి జాయింటు తీసుకుంది. చూపు మాత్రం ఆయన చేతి మీదే ఉంది.

"ఎప్పట్నుంచి?"

"ఏదీ?"

"నాన్నా."

"కొన్నాళ్ళయింది."

"డాక్టరుకి చూపించావా?"

"ఇంట్లోనే డాక్టరుందిగా."

"నేను గేదెల డాక్టర్ని!"

"మీ నాన్న మొండితనానికి నువ్వే సరైన డాక్టరువి," అంది తల్లి. నవ్వుతూనే కళ్ళొత్తుకుంది. "కాఫీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంటుంటే నేను చూడ్డం లేదనుకుంటున్నారు."

ఆయన చేయి మళ్ళీ జేబులోకి పోయింది. "నేను బిగించింది నువ్వు కొండ దిగేటప్పుడు ఊడితే?" అన్నాడు, ఫ్రిజ్‌తో చెబుతున్నట్టు.

కూతురు జాయింటును అరచేతిలో అటూ ఇటూ తిప్పింది. "ఇంకా చల్లగానే ఉంది. పద. నేను బిగిస్తాను, నువ్వు చెప్పు. రేపు మనం మనుషుల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. దీనికి మాత్రం ఎదురు చెప్పకు."

షెడ్డులో ఆయన చెప్పాడు, ఆమె చేసింది. జాయింట్లను లోపలికి నొక్కే ప్రెస్ మర తిప్పుతుంటే కింది జాయింటు, తర్వాత పైది, చప్పుడు లేకుండా తమ గుంటల్లోకి జారాయి. "వంకర పోతోంది, ఆగు... ఆఁ, ఇప్పుడు తిప్పు." చిన్నప్పుడు తన పక్కన లైటు పట్టుకుని నిద్రకి తూగిన పిల్ల ఇప్పుడు మోచేతుల దాకా గ్రీజుతో ఉంది. నట్టు బిగువు కొలిచే పానా సరిపోయిందని టక్కుమంది. నట్టు మీది గాడి, బోల్టులోని రంధ్రానికి ఇంకా ఎదురుగా రాలేదు.

"కాస్త వెనక్కి తిప్పనా?"

"వద్దు, వెనక్కి తిప్పితే బిగువు పోతుంది. గాడి కలవకపోతే ముందుకే తిప్పాలి."

ఆమె ఇంకొంచెం బిగించింది. గాడి కలిసింది. ఇక నట్టు ఊడకుండా రంధ్రంలో దూర్చే రెండు కాళ్ళ చిన్న పిన్ను ఒక్కటే మిగిలింది. ఆమె దాన్ని గ్రీజు చేత్తో ఆయన ముందుకు చాచింది.

"ఇది నువ్వే పెట్టాలి నాన్నా."

"వణుకుతుంది."

"వణకనీ. నాకేం తొందర లేదు. సోమవారం దాకా ఇక్కడే ఉన్నాగా."

లైటు అందుకుని రంధ్రం మీదికి పట్టింది.

ఆయన జేబులోంచి కుడిచేయి బయటికి తీశాడు. పిన్ను రంధ్రం అంచుకి ఇటు తగిలింది, అటు తగిలింది. లైటు కదల్లేదు. ఆమె చేయి సాయానికి రాలేదు. గుమ్మంలోకి భార్య వచ్చి నిలబడింది. పిన్ను లోపలికి దిగింది.

బొటనవేలితో దాని రెండు కాళ్ళనూ చెరో పక్కకీ వంచాడు.