వేడి చెయ్యకూడని మందు

పొద్దున్నే మరిడమ్మ పొయ్యి మీద చోడి అంబలి, అదే రాగి జావ, కుతకుతలాడుతోంది. ఇంట్లోవాళ్ళకు కాదు, చేపలకు. ఇంకా మనవల్ని ఎత్తుకోని ఆ ముసలిదానికి చెరువులో బొచ్చె చేపలే మనవలు. అంబలి మరుగుతుండగా సి విటమిన్ పొడి వేసి కలియబెట్టి, తవుడుతో ముద్దలు చేసి, తానే మోసుకెళ్ళి వేస్తుంది.

కొండకర్ల దగ్గర ఉన్న ఒక్క చెరుకు చేనునూ తవ్వించి చెరువు చేశాడు కొడుకు త్రినాథ్. విశాఖ హోటళ్ళకు ముళ్ళు తీసిన చేప ముక్కలు పంపే కన్నబాబు, కిందటి పంట మెత్తగా ఉందని వద్దన్నాడు. కండ గట్టిపడుతుందనే ఈసారి ఆ పొడి తెచ్చారు. మళ్ళీ వద్దంటే చెరువు అమ్ముకుని కూలికి పోవడమే.

ఆ ఉదయం కన్నబాబు రానే వచ్చాడు. బొచ్చెను కోసి, ముక్కను వేలితో నొక్కాడు. పడిన గుంట లేవలేదు.

"లాభం లేదు బావా. కోత్తంటేనే ఇడిపోతంది. ఇది బజారు సరుకే," అని హీరో హోండా ఎక్కేశాడు.

కోపం ఎవరి మీద చూపించాలో తెలియక, మగవాళ్ళ ఆనవాయితీ ప్రకారం త్రినాథ్ పెళ్ళాం మీద పడ్డాడు.

"కుమారీ! పొడి కలపమంటే పారబోసినావా ఏటి?"

"నానెందుకు పారబోత్తాను? అత్తకిచ్చేను. రోజూ ఆవిడే కలుపుతాది."

"అబద్దాలాడకు! కలిపితే కండ ఇలగుంటాదా?"

కుమారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మరిడమ్మ ఇద్దరి మధ్యకీ వచ్చింది.

"దాన్ననకురా. సిటికెడు కూడా వదల్లేదు. మరుగుతున్న అంబల్లో ఏసి, బాగా ఉడకనిచ్చి మరీ ఎట్టేను."

త్రినాథ్ నెత్తి కొట్టుకున్నాడు.

"ఉడకబెడితే దాని సత్తువ పోద్దమ్మా! ఈ మందు ఏడి సెయ్యకూడదని సెప్పలేదేటి నీకు?"

"సెప్పేవు బాబూ. ఏడి సెయ్యకూడదనే కదా, సలవకని అంబల్లో కలిపేను!"

మందును కాచొద్దని కొడుకు చెప్పాడు. అది చేపల ఒంటికి వేడి చేయకూడదని తల్లి విన్నది.

త్రినాథ్ అరుగు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నిన్ను ఊరికే అన్నానే," అన్నాడు కుమారితో. తల్లి చెయ్యి పట్టుకుని, "నాను సెప్పడమే బాగోలేదమ్మా. నీ తప్పు కాదు," అన్నాడు.

"తప్పు ఎవలిదైతేటి బాబూ, సెరువు పోయింది గదా," అంది మరిడమ్మ కొంగుతో వాడి కళ్ళు తుడుస్తూ.

కుమారి అంబలి కుండ పారబోయబోయింది.

"ఉండనియ్యే. నాకోసం ఈపాటికి ఒడ్డుకొచ్చేసుంటాయి," అని మరిడమ్మ తవుడు బుట్ట ముందుకు లాక్కుంది.