తప్పు కారుదా, కాలుదా?

మిసో చారు పొంగకముందే పొయ్యి మీంచి దించి, ఫుసాయె వంటింటి కిటికీలోంచి బయటికి తొంగి చూసింది. వాకిట్లో భర్త షుజో రోజూలాగే తడిగుడ్డతో కారు తుడుస్తున్నాడు. ముందు అద్దాలు, తర్వాత తలుపులు, ఆఖరున ముందు భాగంలో మెరిసే ఇసోగామి కంపెనీ ముద్ర. ఆ ముద్ర దగ్గరికొచ్చేసరికి గుడ్డ పక్కన పెట్టి చొక్కా చేతితో రుద్దుతాడు. పెళ్ళయిన నాటి నుంచీ ఆవిడ చూస్తున్న తంతే అది. కార్లు మారాయి కానీ ముద్ర మారలేదు.

"ఏవండీ, దాని స్నానమైపోతే మీరూ మొహం కడుక్కుని రండి. చారు చల్లారిపోతోంది."

"వస్తున్నా. నీకైతే నోరుంది, అడిగి చేయించుకుంటావు. దానికి లేదుగా."

నోట్లో అన్నం ముద్దతో మనవరాలు కొయుకి కిసుక్కున నవ్వింది. దానికి ఐదేళ్ళు. దాని తల్లి చిహరు ఆస్పత్రిలో నర్సు, పొద్దున్నే బస్సెక్కి వెళ్ళిపోతుంది. తండ్రి సరుకుల ఓడ మీద ఉద్యోగి, ఎప్పుడో గాని ఇంటికి రాడు. అందుకని పిల్లని కొండ కింది నర్సరీ బడిలో దింపే పని తాతయ్యది. పక్క సీట్లో అమ్మమ్మ కూడా ఉండాలని కొయుకి పంతం.

కజౌరా ఊళ్ళో దారులన్నీ కొండవాలే. ఈ మధ్య ఆ వాలు దిగుతున్నంత సేపూ ఫుసాయె చీర కొంగు పట్టుకున్నట్టు సీటు బెల్టు పిడికిట్లో బిగించి కూర్చుంటోంది. పోయిన నెల మలుపులో గోడ గీసుకుంది. మొన్న ఎర్రదీపం పడ్డాక కూడా కారు ముందుకే పోయింది. "చూశాలే" అన్నాడు షుజో. ఆయన చూడలేదని ఆవిడకి తెలుసు. తెలిసీ ఊరుకుంది. నలభై ఏళ్ళు కార్లు తయారుచేసిన మనిషికి కారు నడపడం రాదని ఏ నోటితో అంటుంది?

ఆ రోజు బడి ముందు కారు ఆగింది. కొయుకి దిగి, టీచరమ్మని చూసి కేకలేస్తూ పరిగెత్తింది. మంచినీళ్ళ ఫ్లాస్కు కారులోనే మరిచిపోయింది. అది దొర్లి డ్రైవరు సీటు వైపు పోతే, తీద్దామని ఫుసాయె వంగింది. వంగినప్పుడే భర్త కాలు కనబడింది. బూడిదరంగు బూటు. వెడల్పాటి బ్రేకు ఎడంవైపున ఖాళీగా ఉంది. బూటు కుడివైపు సన్నటి యాక్సిలరేటరు మీద ఉంది. కాలు దాన్ని తొక్కేస్తోంది. ఇంజను గట్టిగా అరిచింది.

కారు అడ్డుగా వేసిన సిమెంటు దిమ్మ ఎక్కి దూకింది. కంచె విరిగింది. పిల్లలు నీళ్ళు పోసి పెంచుకుంటున్న పూలకుండీలు టపటపా పగిలాయి. ఉయ్యాల స్తంభాన్ని గుద్దుకుని గానీ ఆగలేదు. తల ఎత్తేసరికి ఫుసాయెకి అద్దం నిండా మట్టి తప్ప ఏమీ కనిపించలేదు. చెవుల్లో హోరు. ఆ హోరులోనే ఎవరో పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ గొంతు కొయుకిదో కాదో పోల్చుకునేలోపల ఆవిడ ప్రాణం సగం పోయింది.

కొయుకి కాదు. కొయుకి టీచరమ్మ పైటలాంటి ఏప్రన్‌ని రెండు చేతులా పట్టుకుని, ఏడవడం కూడా మరిచిపోయి నిలబడి ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ ఉయ్యాల దగ్గర ఇంతకుముందే పిల్లలు ఆడుతూ, గంట కొట్టగానే లోపలికెళ్ళారట.

పోలీసు వచ్చాడు. కుర్రవాడు, మర్యాదగానే అడిగాడు. షుజో నిటారుగా నిలబడి అందరూ వినేలా చెప్పాడు: "నేను బ్రేకే తొక్కాను. కారు దానంతట అదే దూకింది."

పోలీసు ఫుసాయె వైపు తిరిగాడు. "మీరేమైనా చూశారా అమ్మా?"

ఫ్లాస్కు ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. భర్త ఆవిడ కేసి చూడలేదు. ఆ చూడకపోవడమే ఆవిడని భయపెట్టింది.

"ఫ్లాస్కు తీస్తున్నాను బాబూ," అంది. "ఏమీ చూడలేదు."

*

ఆ మాట ఊరంతా పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇసోగామి వాళ్ళ 'చిదోరి' కారు దానంతట అదే దూకిందట, అదీ ఇసోగామిలో పనిచేసిన హమాసాకి షుజో గారే అన్నారట! కజౌరాలో ఇంటింటికీ ఆ కంపెనీ కారే. మొదట్లో వాళ్ళు జాలర్ల పడవలకి ఇంజన్లు చేసేవాళ్ళు. యుద్ధం అయ్యాక మూడు చక్రాల బండ్లు, ఆ తర్వాత కార్లు. చమురు ధర మండిపోయిన రోజుల్లో కొనేవాడు లేక కంపెనీ మూతపడబోతే, ఫ్యాక్టరీ పనివాళ్ళనే ఊళ్ళ మీదికి పంపి ఇల్లిల్లూ తిరిగి అమ్మమన్నారు. అలా ఒసాకా వెళ్ళినవాళ్ళలో షుజో ఒకడు. అప్పటికి పెళ్ళై ఏడాది కూడా కాలేదు. మొదటి కారు అమ్మిన రోజు ఫోనులో ఆయన గొంతు వణకడం ఫుసాయెకి ఇప్పటికీ గుర్తే. "ఒక పళ్ళ డాక్టరు కొన్నాడే. తలుపు వేసిన చప్పుడు విని కొన్నాడు. ఆ తలుపు బిగించింది నేనే అన్నాను."

అలాంటి మనిషి ఇప్పుడు కారుది తప్పంటున్నాడు.

రెండు రోజులకి టోఫు కొట్టు కజితాని ఇంటికొచ్చాడు. షుజో మాట విని పదేళ్ళ కిందట చిదోరి కొన్నవాడు. కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నానా లేదా హమాసాకి గారూ? నా బండికి గేర్లు వణుకుతాయి. కొండెక్కుతుంటే ముసలి గాడిదలా నిలబడిపోతుంది. షోరూముకి ఎన్నిసార్లు తీసికెళ్ళినా 'అది దాని స్వభావం' అంటారు. స్వభావమా! పెళ్ళి చూపుల్లో చెప్పారా ఆ సంగతి?"

"మా పక్కింటావిడ చిదోరి మాత్రం పొరపాటున కూడా ఆగదు," అంది ఫుసాయె మెల్లిగా. "కూతురికి కూడా అదే కొనిపెట్టిందట."

"ఆవిడ అదృష్టం ఆవిడది, నా ఖర్మ నాది. ఒకే కొలిమిలో కాలినా అన్ని కత్తులూ తెగవుగా." అతను షుజో వైపు వంగాడు. "శనివారం ఊరి సంఘం హాల్లో అందరం కూడుతున్నాం. పత్రికాయన వస్తున్నాడు. మా మాట ఎవడూ వినడు. మీరు లోపలి మనిషి, మీరు చెబితే కంపెనీ కదుల్తుంది. వస్తారుగా?"

షుజో టీ కప్పు తిప్పి కింద పెట్టాడు. "వస్తాను," అన్నాడు.

ఆ సాయంత్రం చిహరు డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళ మేజోళ్ళు కూడా విప్పకుండా తండ్రి ఎదురుగా కూర్చుంది.

"నాన్నా, ఒక్క మాట అడుగుతాను. కారుది తప్పయితే ఆ కారు మనింట్లో ఉండకూడదు. మీది తప్పయితే మీ లైసెన్సు మీ దగ్గర ఉండకూడదు. రెంట్లో ఏదో చెప్పండి."

"చెప్పానుగా. కారుది."

"నా కళ్ళలోకి చూడకుండా చెబితే నమ్మమంటారా?"

"నమ్మకపోతే మానెయ్. నీకు సైకిలు తొక్కడం నేర్పింది ఎవరు? వెనక సీటు పట్టుకుని ఈ కొండంతా పరిగెత్తింది ఎవరు?"

"అప్పుడు మీరు వెనక ఉన్నారు నాన్నా! అందుకే నేను పడలేదు. ఇప్పుడు నా కూతురు మీ ముందుంది!" చిహరు తండ్రి దగ్గరికి జరిగింది. "ఇలా గుద్దేసి వచ్చిన పెద్దవాళ్ళని రోజూ ఆస్పత్రిలో చూస్తున్నాను. బ్రేకు అనుకున్నానమ్మా అంటారు. అందరూ అదే మాట. అమ్మా, నువ్వు పక్కనే ఉన్నావుగా! నువ్వైనా చెప్పు."

ఇద్దరూ ఫుసాయెనే చూస్తున్నారు. ఈసారి షుజో కూడా చూస్తున్నాడు. ఆ చూపులో బెదిరింపు ఉంటే ఆవిడ ఎదురు తిరిగేదే. కానీ అందులో ఉన్నది బెదిరింపు కాదు. అదేమిటో ఆవిడకి అర్థం కాలేదు.

"అన్నం ఆరిపోతోంది," అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్కడ కుళాయి తిప్పి, చప్పుడు వినపడకుండా ఏడ్చింది.

ఆ రోజు నుంచి ఆవిడకి ప్రతి చప్పుడూ ఇంజను అరుపే. పప్పు రుబ్బే మిషను తిరిగినా గుండె జారేది. కళ్ళు మూస్తే బూడిదరంగు బూటు, పక్కన ఖాళీగా బ్రేకు. ఒకవేళ గంట కొట్టడం ఆలస్యమై ఉంటే? ఆ ఆలోచన దగ్గరికి పోయి, ముట్టుకోలేక వెనక్కి వచ్చేసేది.

*

శనివారం పొద్దున షోరూము వాళ్ళు తనిఖీకి తీసికెళ్ళిన కారుని బాగుచేసి తెచ్చి వాకిట్లో పెట్టారు. అంతా విప్పి చూశామనీ, ఎక్కడా లోపం లేదనీ చెప్పి, లోతుగా వంగి నమస్కారం చేసి వెళ్ళారు. చిహరు డ్యూటీలో ఉంది. కొయుకికి ఈత క్లాసు.

ఫుసాయె బట్టలు ఆరేసి వచ్చేసరికి, షుజో సభకి వెళ్ళే కోటు తొడుక్కుని, కొయుకిని వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్టు బిగిస్తున్నాడు.

"ఎక్కడికండీ?"

"దీన్ని ఈతకి దింపేసి, నేను హాలుకి పోతాను. దారే కదా."

మామూలుగా అన్నాడు. ఎప్పటిలాగే. ఫుసాయె ఖాళీ బట్టల బుట్ట అక్కడే దించేసింది. ఆయన ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. ఇంజను గుర్రుమంది. తానేం చేస్తోందో ఆవిడకే తెలియలేదు. కాళ్ళకి చెప్పులైనా లేవు. వెళ్ళి కారుకి ఎదురుగా నిలబడి రెండు చేతులూ బానెట్టు మీద పెట్టింది.

"ఏమిటే ఇది? తప్పుకో!"

"తప్పుకోను."

"ఊరంతా చూస్తారు, ఫుసాయె!"

"చూడనివ్వండి." బానెట్టు కింద ఇంజను వణుకుతోంది. ఆ కాలు ఇప్పుడు దేని మీద ఉందో తెలియదు. "ఇంజను ఆపండి. మీకు దణ్ణం పెడతాను, ముందు ఆపండి!"

ఇంజను ఆగింది. అయినా ఆవిడ కదల్లేదు.

"ఇప్పుడెళ్ళి హాల్లో ఏం చెప్తారు? ఈ కారు దానంతట అదే దూకుతుందని చెప్తారు. అంతేనా? మరి దానంతట అది దూకే కారులో, పసిపిల్లని బెల్టు పెట్టి మరీ ఎలా కూర్చోబెట్టారండీ?"

షుజో అద్దంలో వెనక సీటు వైపు చూశాడు.

"కారు మంచిదని మీ ప్రాణానికి తెలుసు. తెలుసు కాబట్టే కూర్చోబెట్టారు. ఆ రోజు నేను ఫ్లాస్కు కోసం వంగానండీ. మీ కాలు చూశాను. బ్రేకు మీద లేదు. పోలీసుకి అబద్ధం చెప్పాను. మన అమ్మాయి అడిగితే తప్పించుకున్నాను. మీ పరువు అనుకున్నాను. పరువు కాదు, నాకు మీరంటే భయం. మీకేమైపోతోందోనని భయం. ఇక నావల్ల కాదు. నన్ను తొక్కి వెళ్తానంటే వెళ్ళండి!"

వెనక సీట్లో కొయుకి సన్నగా ఏడవడం మొదలుపెట్టింది. "అమ్మమ్మా, లోపలికి రా..."

షుజో స్టీరింగు వదిలేశాడు. అద్దం అవతల ఆయన ముఖం ఒక్కసారిగా ఎంత ముసలిదైపోయిందో! తలుపు తీశాడు. దిగలేదు. కాళ్ళు మాత్రం బయట పెట్టి, నేల చూస్తూ మాట్లాడాడు.

"నేను అబద్ధం చెప్పలేదే. బ్రేకే తొక్కాననుకున్నాను. ఇప్పటికీ నాకు బ్రేకే గుర్తుంది. అది కాలికింద మెత్తగా దిగడం కూడా గుర్తుంది." బూటుతో నేలని ఒకసారి నొక్కి చూశాడు. "మొదటి రోజు కారునే అనుమానించాను. రెండో రోజుకి తెలిసిపోయింది, ఆ కారు అలా చెయ్యదని. మరి కారు చెయ్యకపోతే? నా కాలు నాకు తెలియకుండా వేరే పని చేసి, నా బుర్ర నాకు అబద్ధం చెప్పిందన్నమాట. అది ఒప్పుకుంటే రేపు ఇంకేం మరిచిపోతాను? ఈ ఇంటికి దారా? దీని పేరా?" వెనక్కి, పిల్ల వైపు చెయ్యి చూపించాడు. "అందుకే కారు మీదికి తోసేశాను. జీవితమంతా అన్నం పెట్టినదాని మీదికి."

చిహరు నిలదీసిన సాయంత్రం ఆయన చూపులో ఉన్నదేమిటో ఫుసాయెకి ఇప్పుడు అర్థమైంది. ఆవిడ భయం ఆయన భయం ముందు ఏపాటిది? ఒకే ఇంట్లో, ఒకే దుప్పటి కింద, ఇద్దరూ ఇన్నాళ్ళూ విడివిడిగా వణికారు. ఆవిడ వెళ్ళి ఆయన పాదాల దగ్గర నేల మీద కూలబడి, ఆ మోకాళ్ళ మీద తల ఆనించింది. ఎవరు ముందు ఏడ్చారో తెలియదు. కొయుకి తనంతట తానే బెల్టు విప్పుకుని వచ్చి ఇద్దరి మధ్యా దూరింది.

*

హాలుకి ముగ్గురూ నడిచే వెళ్ళారు. ఈత క్లాసు పోయింది. కజితాని గుమ్మంలోనే ఎదురొచ్చాడు. లోపల పాతికమంది దాకా ఉన్నారు. షుజో మైకు అందుకోలేదు.

"కజితానీ, నీ కారు గేర్ల సంగతి నిజం. మంచి బండి కాదది. నేను చెప్పి కొనిపించాను, నన్ను క్షమించు. ఆ మాట కంపెనీకి నేనే వచ్చి చెప్తాను, ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను." ఆగి, అందరికీ వంగి నమస్కరించాడు. "నా కారు సంగతి మాత్రం అబద్ధం. దాని తప్పేమీ లేదు. బ్రేకు అనుకుని నేనే రెండోది తొక్కాను. మా మనవరాలి బడి ముందు."

పత్రికాయన కలం ఆపేశాడు. కజితాని వెళ్ళి ఒక కుర్చీ తెచ్చి వేశాడు. "కూర్చోండి ముందు. మొహం పాలిపోయింది. మీకంటే నా బండే నయంగా ఉంది."

అమ్మ ఫోను చేస్తే చిహరు డ్యూటీ బట్టల్లోనే పరిగెత్తుకొచ్చింది. తండ్రితో పోట్లాడాలనే వచ్చింది. కుర్చీలో ఆయన్ని చూడగానే వెళ్ళి పక్కన కూర్చుంది.

"నాన్నా, సోమవారం మా ఆస్పత్రికి రండి. బుర్ర, కళ్ళు, అన్నీ చూపిద్దాం. ఏదైనా ముందే తెలిస్తే మందులున్నాయి."

"లైసెన్సు కూడా సోమవారమే ఇచ్చేస్తాను. పోలీసుకి నిజం చెప్పాలి. మీ అమ్మ చెప్పిన అబద్ధం కూడా నాదేనని చెప్పాలి." కూతురి వైపు తిరిగాడు. "ఏ బస్సెక్కాలే?"

బుద్ధెరిగాక ఆయన బస్సు సంగతి అడగడం చిహరు వినడం అదే మొదటిసారి. నవ్వబోయి ఏడ్చేసింది.

తిరిగి వచ్చేటప్పుడు ఎండ బాగా ఎక్కింది. కొయుకి తల్లి చెయ్యి పట్టుకుని ముందు నడుస్తోంది. కొండ దారి సగంలో షుజో ఆగిపోయాడు. కింద ఫ్యాక్టరీ కప్పులు, ఆవల సముద్రం. ఆయన అటు చూడ్డం లేదు. తన పాదాల వైపే చూసుకుంటున్నాడు, అవి వేరెవరివో అయినట్టు.

"ఫుసాయె."

"ఊఁ."

"నాకు భయంగా ఉందే."

యాభై ఏళ్ళ కాపురంలో ఆ మాట ఆయన నోట ఆవిడ ఎన్నడూ వినలేదు. ఆయన చెయ్యి తీసుకుని తన చేతిలో పెట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. మెల్లిగా వేళ్ళు బిగిశాయి.

"నాకూనండీ," అంది. "పదండి, మెల్లిగా ఎక్కుదాం."