పడుగు వీధిలో ఎర్ర లైటు

"లహరి ముఠా వైపు మారిపోయింది. ఈ రోజు ఆమె చెప్పే పాస్‌వర్డ్ కొట్టకు. ఇది ఆర్డర్."

ఢిల్లీ నుంచి చీఫ్ ఆ మాట అనగానే లైన్ తెగింది. రూటర్ మీద ఎర్ర లైటు కొట్టుకోసాగింది.

ఏజెంట్ ఉదయ్ కిరణ్ పళ్లు కొరికాడు. గద్వాలలో మగ్గాల వీధి, అద్దె ఇల్లు, మూసిన కిటికీలు. వీధివాళ్లకు అతను చీరలు కొనడానికొచ్చిన ప్రశాంత్ సేటు.

ఆపరేషన్ పేరు జరీ. పరాయి దేశపు ముఠా ఒకటి ఎత్తిపోతల పంపుహౌస్ కంప్యూటర్లలోకి దూరింది. ఈ పొద్దునే మోటార్లు తిప్పి సొరంగంలోకి నీళ్లు వదులుతుంది. ఆ సొరంగంలో ఒండ్రు తీసే కూలీలున్నారు. ముఠా లోపల మన మనిషి లహరి. నల్లకళ్లద్దాలు, రెండు పాస్‌పోర్టులు, రెండు వైపులా జీతం. ముఠా రోజూ మార్చే పాస్‌వర్డ్ ఆమె చెప్పాలి, ఉదయ్ కొట్టాలి, మోటార్లకు తాళం పడాలి. ఫోన్ ఎత్తడానికి వీల్లేదు. ముఠా టవర్ల మీద చెవి పెట్టి ఉంది. అనుమానం వచ్చిన క్షణమే మోటార్లు తిప్పేస్తుంది.

కూలీలను ముందే బయటికి రప్పించండని ఉదయ్ బతిమాలాడు. "మిషన్ బయటపడుతుంది" అన్నాడు చీఫ్. దేశ భద్రత అనే పెద్ద మాట కింద తట్ట మోసేవాడు ఎవడికీ కనబడడు. లింగాల నుంచి పనికొచ్చి ఆ తట్ట మోస్తున్న ఏసురత్నం ఉదయ్‌కు సొంత అన్న. చీఫ్‌కు ఆ సంగతి తెలియదు. తెలిసినా జవాబు మారదు.

వారం నుంచి ఇదే తంతు. పొద్దున లహరి లైన్లోకి వస్తుంది, నెట్ పోతుంది. రూటర్ ఆపి వేశాడు. అడాప్టర్ మార్చాడు. చివరికి రూటరే మార్చాడు. కేబుల్ రవి మధ్యాహ్నం పూట వచ్చి మీటరు పెట్టి చూశాడు.

"లైన్ ఫస్ట్‌క్లాస్ ఉంది సేటు. ఉత్తగనే పరేషానైతుండ్రు" అని చాయ్ తాగి పోయాడు.

అతను వచ్చినప్పుడు నిజంగానే బాగుండేది. దాంతో చీఫ్ తేల్చేశాడు: లహరే లైన్‌కు అడ్డంగా జామర్ పెడుతోంది.

ఉదయ్‌కు నమ్మబుద్ధి కావడం లేదు. కాదనడానికి ఆధారమూ లేదు. అన్న ఈపాటికి సొరంగంలో దిగి ఉంటాడు.

ఇంట్లో చూడనిదేదీ మిగల్లేదు. బయటి వైరు ఒక్కటే చూడలేదు. కిటికీ తీయొద్దని, పొద్దున ఇల్లు కదలొద్దని రూల్. ఆ రూల్ రాసినవాడు గద్వాల మొహం చూసి ఉండడు. ఉదయ్ జేబులోంచి పెన్ను తీశాడు. చూపుకు పెన్నే, లోపల లేజర్; వైరులోకి ఎర్ర వెలుగు పంపితే లోపం ఉన్నచోట అది బయటికి కనబడుతుంది. రూటర్ నుంచి సన్నటి తెల్ల వైరు ఊడబీకి దాని కొసకు పెన్ను బిగించి, తలుపు తీసుకుని వీధిలోకి ఉరికాడు.

వీధి పొడవునా చీరకు నిలువు పోగుల పడుగు చాపి ఉంది. గంజి తడి ఆరకముందే నేతగాడు అంజన్న వంగి పోగులు దువ్వుతున్నాడు. పైన, చూరు నీడలో, గుంజకు బిగించిన ముడి దగ్గర వైరు నిప్పుకణంలా ఎర్రగా వెలుగుతోంది. పెన్ను లైటంతా అక్కడే బయటికి కారిపోతోంది.

"ఈ ముడి ఎవరేసిండ్రు?"

"నేనే ఏసిన" అంది అంజన్న భార్య సత్యమ్మ, గంజి చేతులు కొంగుకు తుడుచుకుంటూ. "నీ వైరు జారి పడుగు మీద పడ్తుంటె ఊకోవాల్నా? వీధిల ఎవరి పడుగు చాపినా పొద్దుగాల నేనే కడ్త, పడుగు ఎత్తినంక ఇప్పుత. మా ముడి జారదు సేటు!"

"అమ్మా, అది నూలు గాదు. అద్దం పోగు. గట్ల వంచితె లోపల వెలుగు ముందుకు పోదు. జల్ది ఇప్పు!"

"ఇప్పితె తడి పడుగు మీద పడ్తది. పోగులు తెగితె నువ్వు అతుకుతవా? వచ్చినకాన్నుంచి ఒక్క చీర కొన్నది లేదు, మీదికెల్లి ఉరుకులాట!"

రహస్యం, ప్రమాణం, రూల్ అన్నీ గంజినీళ్లలో కలిశాయి.

"మా అన్న సొరంగంల ఉండు, అమ్మా. ఈ లైన్ నిలవకుంటె బతకడు."

సత్యమ్మ ముడి విప్పింది. వెదురు కర్ర అందుకుని వైరును వంగకుండా పైకెత్తి పట్టింది. "ఉరుకు బిడ్డా."

ఉదయ్ లోపలికి ఉరికి పెన్ను పీకి వైరు గుచ్చాడు. ఎర్ర లైటు ఆరింది. స్క్రీన్ మీద లహరి. కళ్లద్దాలు లేవు. ఏడ్చిన కళ్లు.

"అంచు ఏ రంగు?" కోడ్ అడిగాడు.

"కుంకుమ. ఉదయ్, రోజూ సగంలో కట్ చేస్తున్నావు. నన్ను అమ్మేశావనుకున్నా."

ఆమె పాస్‌వర్డ్ చెప్పింది. స్క్రీన్ మూలన, పంపుహౌస్ బొమ్మలో, మొదటి మోటారు తిరగడం మొదలైంది. ఉదయ్ ఆర్డర్ మరచి కీలు కొట్టాడు. మోటారు మూలిగి ఆగింది. తాళం పడింది.

చాలాసేపటికి ఇయర్‌ఫోన్‌లో చీఫ్. "కూలీలు క్షేమం. వాళ్లకేమీ తెలియదు. ఏజెంట్, జామర్ దొరికిందా?"

ఉదయ్ అప్పటికి వీధిలో ఉన్నాడు. సత్యమ్మ సద్ది తినడానికి లోపలికి పోయింది. వైరు ఎత్తిపట్టిన కర్ర అతని చేతిలో ఉంది.

"దొరికింది సార్. పడుగు ఆరేదాకా నేనే పట్టుకోవాలంట."