అద్దకాల సందులో తేనెగొంతు

దగ్గరికి జరగండమ్మా, ఇంకా దగ్గరికి. గొంతు చించుకుని చెప్పే కథ కాదిది. ఆ చివర కూర్చున్న తాతగారూ, మీరూ రండి. దేవుణ్ణి ఒక్కసారి తలుచుకుని వినండి.

మా చిన్నమామ నాకు చెప్పింది చెప్పినట్టు చెబుతున్నా.

ఏడు రకాల జనం, ఏడు భాషలు ఉన్న పట్నం అది. అందులో బట్టలకి రంగులు అద్దేవాళ్ళ సందు ఒకటి. సందు మలుపులో ఒకప్పుడు బట్టలు నానబెట్టిన గొయ్యి... నాలుగు నిలువుల లోతు. పైన పలకలు పరిస్తే, తెల్లారేసరికి పక్కకి జరిగి ఉంటాయట! ఇప్పటికి ముగ్గురు పడ్డారు. ముగ్గురూ పరాయి ఊరివాళ్ళే.

ఆ ఊరు చూడ్డానికి కొత్తగా వచ్చి లాడ్జిలో దిగిన మామకి ఇదంతా ఏం తెలుసు? ఊరు చూడాలంటే కాళ్ళతోనే చూడాలనే మనిషి. పది రోజులు అత్తని వెంటేసుకుని వీధి వీధీ తిరిగాడు. పదకొండో రోజు ఆవిడకి ఒళ్ళు కాలిపోయే జ్వరం.

"మందు పట్టుకొస్తా, కదలకు."

"అడ్డదారిన మాత్రం రాకండి. మీ అడ్డదారికి గంట ఎక్కువే పడుతుంది," అందిట అత్త, ఆ మూలుగులోనూ.

మందు దొరికింది. తిరిగొస్తుంటే ఊరంతా కరెంటు పోయింది. లాడ్జిలో, చీకట్లో, ఒక్కతే... అనుకున్నాడు మామ. ఆ అద్దకాల సందు గుండా అడ్డదారే తొక్కాడు.

సందులో నాలుగడుగులు వేశాడో లేదో — పై కిటికీలోంచి ఒక అరుపు! ముక్క అర్థం కాలేదు. ఎదురింట్లోంచి ఇంకో అరుపు, ఇంకో భాష. ఆ పక్కన మరొకటి! ఎవరో తలుపు బాదుతున్నారు. వెనకాల ఎవరో పరిగెత్తుకొస్తున్నారు...

దొంగలో, దెయ్యాలో! మందుసీసా గుండెకి అదుముకుని మామ జోరు పెంచాడు.

అప్పుడు — ముందున్న చీకట్లోంచి, మెల్లగా, తేనెలాంటి గొంతు.

"ఇటు రా నాయనా... దారి ఇటే..."

తెలుగు! పది రోజులుగా అత్త నోటా, లాడ్జి గుమాస్తా నోటా తప్ప వినని మన మాట! పోయిన ప్రాణం లేచొచ్చింది మామకి. "వస్తున్నానమ్మా!" అంటూ అటే ఉరికాడు.

వెనకనుంచి ఎవరో చొక్కా పట్టి గుంజారు. వెల్లకిలా పడ్డాడు. చెప్పు ఒకటి ఊడి ముందుకి ఎగిరింది...

ఒక్క క్షణం ఆగి — ఎక్కడో కింద టప్పుమంది.

గుంజింది రొట్టెలు కాల్చే ముసలావిడ. చేతులనిండా పిండి, ఒకటే ఆయాసం. తిడుతూ తిడుతూనే ఏడ్చేసింది. పట్టిన చెయ్యి వదలకుండా లాడ్జి దాకా నడిపించింది.

లాడ్జి గుమాస్తా ఆవిడ మాటలు విని, వచ్చీరాని తెలుగులో మామకి చెప్పాడు. "ఆ సందులోవాళ్ళకి ఒకరి నడక ఒకరికి తెలుసండి. కొత్త నడక వినపడితే చాలు, ఎవరి భాషలో వాళ్ళు 'ఆగు, ఆగు' అని అరుస్తారు. మీరు ఆగలేదట."

"మరి... నన్ను తెలుగులో పిలిచిందెవరండీ?"

గుమాస్తా మొహం పాలిపోయింది.

"ఈ చుట్టుపక్కల మీ భాష వచ్చినవాణ్ణి... నేనొక్కణ్ణేనండీ."

ఆ గొంతు ఎవరిదో మామకి ఈనాటికీ తెలీదు. ఆ పిండి చేతుల్లో మాత్రం దేవుడే ఉన్నాడంటాను నేను. అందుకని ఒక్కటి గుర్తుంచుకోండి నాయనా. కొత్తమనిషి గోతివైపు నడుస్తుంటే, భాష రాదని ఊరుకోకండి. కేకెయ్యండి. ఆగకపోతే పరిగెత్తి చొక్కా పట్టుకోండి. ఇంటికెళ్ళి ఇంకొకరికి కూడా చెప్పండి.